క్యూ లిమిట్ పెంచితే స్టోరేజ్ స్పీడ్ పెరుగుతుందా?

"అన్నా, ఐస్కజీల క్యూ డెప్త్ 32 ఉన్నదంట, 256 చేస్తే స్పీడ్ పెరుగుతదంట, చేద్దామా?" నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు సర్వర్లు చూసుకునే తమ్ముళ్లు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఒక్క ముక్కలో చెప్పాలంటే చాలాసార్లు పెరగదు, కొన్నిసార్లు ఉన్నది కూడా పోతుంది, ఎప్పుడో ఒకసారి మాత్రం నిజంగానే బ్రహ్మాండంగా పెరుగుతుంది. మీ దగ్గర ఏది జరుగుతుందో సెట్టింగ్ ముట్టుకోకముందే లెక్కేసి చెప్పొచ్చు, గుణకారం భాగహారం వస్తే చాలు.

ముందు ఈ లిమిట్ అంటే ఏంటో చూద్దాం. సర్వర్ ఒక దగ్గర, డిస్కులు ఇంకో దగ్గర, మధ్యలో నెట్‌వర్క్ కేబుల్. ఇలా నెట్‌వర్క్ మీదుగా అవతలి డిస్కును సొంత డిస్కులా వాడుకునే పద్ధతే ఐస్కజీ. ఈ బ్లాకు చదివి పంపు, ఇది రాసి పెట్టు అని సర్వర్ ఆదేశాలు పంపుతుంటుంది. ఒకటి పంపి దాని జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే అంతసేపూ కేబులూ ఖాళీ, డిస్కులూ ఖాళీ. అందుకే మొదటిదానికి జవాబు రాకముందే ఇంకొన్ని పంపుతుంది. అలా పంపేసి జవాబు రానివి ఒక్కసారికి ఎన్ని ఉండొచ్చు అన్నదే క్యూ లిమిట్. తమ్ముళ్లు అడిగే క్యూ డెప్త్ కూడా ఇలాంటి లిమిట్టే.

మిర్యాలగూడలో కోతల సీజన్‌లో ఏదో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర ఒక పూట నిలబడితే మిగతాది అదే అర్థమవుతుంది. లోపలికి ఒక్క ట్రాక్టర్‌నే వదిలి, అది కాంటా ఎక్కి ధాన్యం దించి బయటికొచ్చాకే ఇంకోదాన్ని వదిలితే మధ్యలో హమాలీలు ఖాళీగా కూర్చుంటారు. పోనీ అని యాభై ట్రాక్టర్లను ఒకేసారి లోపలికి తోలితే, కాంటా ఒక్కటే కాబట్టి తూకం వేగం వీసమెత్తు పెరగదు, పైగా బండి తిప్పుకోవడానికి జాగా ఉండదు, అర్జెంటుగా ఒక బండిని ముందుకు పంపాలన్నా దారి దొరకదు. రోడ్డు మీదున్న క్యూ మిల్లు ఆవరణలోకి మారింది, అంతే. టోకెన్లు ఇచ్చి ఇన్ని బండ్లే లోపలికి అని కట్టడి చేసేది ఇందుకే. స్టోరేజ్‌లో క్యూ లిమిట్ చేసే పనీ ఇదే: ఎదురుచూపు ఏ గేటు దగ్గర జరగాలో అది నిర్ణయిస్తుంది. కాంటా వేగం దాని చేతిలో లేదు.

ఇక అసలు చిక్కు. ఈ లిమిట్ ఒక్క చోట ఉండదు. లైనక్స్ సర్వర్ నుంచి ఐస్కజీ మీద ఒక స్టోరేజ్ బాక్సును వాడుతున్నారనుకుందాం. అప్లికేషన్ అడిగింది ముందు కెర్నల్ బ్లాక్ లేయర్‌లోకి, అంటే లైనక్స్‌లో డిస్కు ఆదేశాలను చూసుకునే పొరలోకి వస్తుంది, అక్కడ ఎన్ఆర్ రిక్వెస్ట్స్ అని ఒక లిమిట్. అది దాటాక ఆ డిస్కుకు, అంటే బాక్సు ఒక డిస్కులా చూపించే ఆ లన్‌కు, సొంతంగా క్యూ డెప్త్ అని ఇంకోటి. లైనక్స్‌లో ఐస్కజీకి వాడే ఓపెన్ ఐస్కజీ సాఫ్ట్‌వేర్‌లో దీని డిఫాల్ట్ 32. ఆ పైన మొత్తం సెషన్‌కు, అంటే సర్వర్ బాక్సులోకి లాగిన్ అయి పెట్టుకున్న కనెక్షన్‌కు, కలిపి సీఎండీఎస్ మ్యాక్స్ అని మరొకటి. దాని డిఫాల్ట్ 128. అంటే ఒకే సెషన్ మీద నాలుగు లన్‌లు ఉండి, నాలుగూ 32 చొప్పున వాడుకుంటే సెషన్ నిండిపోతుంది, ఐదో లన్ పెట్టినా మొత్తం మాత్రం 128 దగ్గరే ఆగుతుంది. ఇదంతా మన సర్వర్ వైపు. అవతల స్టోరేజ్ బాక్సు కూడా ప్రతి జవాబులో "నేను ఇంకా ఇంతవరకే తీసుకోగలను" అని ఒక హద్దు చెబుతుంది. డిస్కులు ఇచ్చే అవతలి వైపును టార్గెట్ అంటారు. అవతల లైనక్స్ కెర్నల్‌లో ఉండే ఎల్ఐఓ టార్గెట్ నడుస్తుంటే ఆ హద్దు డిఫాల్ట్‌గా సెషన్‌కు 64. బాక్సు లోపల మామూలు సాటా డిస్కులు ఉంటే ఒక్కో డిస్కు తన దగ్గర పెట్టుకోగలిగేది 32 వరకే.

వీటన్నిటిలో ఏది చిన్నదైతే అదే చెల్లుతుంది. 32ని 256 చేసి "ఏం మారలేదన్నా" అని ఫోన్ చేసేవాళ్ల సంగతి సాధారణంగా ఇదే: లన్ లిమిట్ 256 అయింది కానీ సెషన్ 128 దగ్గరే ఉంది, అవతలి బాక్సు 64 దగ్గర ఆపుతోంది, రెండు లన్‌లు 32 చొప్పున వాడుతుంటే ఆ 64 ముందే నిండిపోయింది. ఒక గేటు వెడల్పు చేశారు, తర్వాతి గేటు అలాగే ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది చాలామందిని తిప్పలు పెడుతుంది. ఓపెన్ ఐస్కజీ మెయిన్ కాన్ఫిగ్ ఫైల్‌లో మార్చిన విలువ కొత్తగా డిస్కవరీ చేసిన, అంటే నెట్‌వర్క్‌లో వెతికి పట్టుకున్న, టార్గెట్లకే వర్తిస్తుంది. ఇంతకుముందే డిస్కవరీ చేసి పెట్టుకున్న టార్గెట్‌కు అప్పటి విలువలతో ఒక రికార్డు విడిగా సేవ్ అయి ఉంటుంది. ఫైల్ మార్చి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, ఆఖరికి సర్వర్‌ను రీబూట్ చేసినా పాత 32నే కనబడుతుంది. ఐస్కజీ అడ్మిన్ కమాండ్‌తో ఆ నోడ్ రికార్డును అప్‌డేట్ చేసి, లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయితే తప్ప మారదు. లాగౌట్ అంటే ఆ డిస్కు వాడుతున్న ఫైల్ సిస్టమ్‌ను ముందు అన్‌మౌంట్ చేయాలి కాబట్టి పని వేళల్లో పెట్టుకోవద్దు. సీఎండీఎస్ మ్యాక్స్‌కు 2 ఘాతంలో ఉన్న సంఖ్యే ఇవ్వాలి, 128, 256, 512 అలా, గరిష్ఠం 2048. లన్ క్యూ డెప్త్‌కు గరిష్ఠం 1024.

సరే, ఎంత పెట్టాలి? దీనికి 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటుంది, క్యూలు ఉన్న ప్రతిచోటా పనికొస్తుంది. పెండింగ్‌లో ఉన్న ఆదేశాల సంఖ్య, సెకనుకు పూర్తయ్యే ఆదేశాలను ఒక్కోదానికి పట్టే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. చూడ్డానికి ఇంతే, కానీ సగం వాదనలు దీంతోనే తేలిపోతాయి.

హార్డ్ డిస్కులతో మొదలుపెడదాం, మన ఊళ్లలో చిన్న ఆఫీసుల్లో ఉండేవి ఇంకా అవే. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు, కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం. దానికి హెడ్ జరిగే సమయం కలిపితే ఒక్కో చెదురుమదురు రీడ్‌కు 12 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది, అంటే సెకనుకు సుమారు 80. బాక్సులో నాలుగు డిస్కులుండి, నాలుగింటికీ పని సమానంగా పడిందనుకుంటే 320. ఇప్పుడు క్యూలో ఎప్పుడూ 32 ఉంటే ఒక్కో ఆదేశం సగటున 32 బై 320, అంటే పదో వంతు సెకను ఆగుతుంది. అదే క్యూ 256 చేస్తే 0.8 సెకను. సెకనుకు పూర్తయ్యేవి మాత్రం ఆ 320 దగ్గరే తచ్చాడతాయి. డిస్కు తన దగ్గరున్న వాటిని దగ్గరి దారిలో సర్దుకుంటుంది కాబట్టి కొంచెం మెరుగు కనబడొచ్చు, కానీ ఆ సర్దుబాటు డిస్కు లోపల ఉన్న 32 మధ్యే జరుగుతుంది. ఎనిమిదింతలు ఎదురుచూపు ఇచ్చి కొనుక్కున్నది ఆ కొంచెమే.

ఎస్ఎస్‌డీలు పెడితే కథ మారుతుంది, అయితే అందరూ అనుకునేలా కాదు. నెట్‌వర్క్‌తో కలిపి ఒక్కో రీడ్‌కు 0.2 మిల్లీసెకను పడుతుందనుకోండి. 1 గిగాబిట్ లైన్‌లో అసలు డేటా సెకనుకు 115 ఎంబీ దాకా వెళ్తుంది, 4 కేబీ బ్లాకుల్లో లెక్కేస్తే సుమారు 28,000. దాన్ని 0.0002తో గుణించండి, 6 కూడా రాలేదు. అంటే ఆరు ఆదేశాలు పెండింగ్‌లో ఉంటే చాలు, 1 గిగాబిట్ కేబుల్ నిండిపోతుంది! 32 అక్కడ ఇప్పటికే ఎక్కువ, ఇంక 256 ఎందుకు? అదే 10 గిగాబిట్ అయితే 280,000ను 0.0002తో గుణిస్తే 56. ఇక్కడ డిఫాల్ట్ 32 నిజంగానే అడ్డుపడుతోంది, 64 చేస్తే తేడా కళ్లకు కనబడుతుంది, దాంతోపాటు సెషన్ లిమిట్‌నూ అవతలి హద్దునూ కూడా చూసుకోవాలి. ఎప్పుడో ఒకసారి బ్రహ్మాండంగా పెరుగుతుందని మొదట్లో అన్నది ఇలాంటి చోటే.

దూరం ఉన్నచోట కూడా పెంచాల్సి వస్తుంది. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు రోడ్డున వంద కిలోమీటర్ల లెక్క. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి రాను పోను తక్కువలో తక్కువ 1 మిల్లీసెకను, కేబుల్ సూటిగా రాదు కాబట్టి, మధ్యలో స్విచ్‌లూ రౌటర్లూ ఉంటాయి కాబట్టి అసలు సంఖ్య అంతకంటే ఎక్కువే. పింగ్ కొట్టి చూస్తే 5 మిల్లీసెకన్లు వచ్చిందనుకుందాం. క్యూ 32తో సెకనుకు 6,400 ఆదేశాలు, 4 కేబీ చొప్పున 25 ఎంబీ. మీరు ఎంత పెద్ద లైన్‌కు డబ్బు కట్టినా, అవతల ఎంత ఖరీదైన ఎస్ఎస్‌డీ పెట్టినా, ఆ 25 దాటదు. అక్కడ లిమిట్ పెంచాలి, లేదంటే బ్లాకు సైజు పెంచాలి, ఈ రెండు తప్ప వేరే దారి లేదు.

ఇన్ని లెక్కల్లో పడి ఒకటి మర్చిపోవద్దు: అప్లికేషనే ఒకటి అడిగి, జవాబు వచ్చాక ఇంకోటి అడిగే రకమైతే క్యూ ఎప్పుడూ ఒకటి దాటదు. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇలాంటివే. వాటికి లిమిట్ 32 అయినా వెయ్యి అయినా ఒకటే.

మరి డిఫాల్ట్ ఇంత తక్కువ ఎందుకు పెట్టారు? స్టోరేజ్ బాక్సు మీ ఒక్కరిది కాదు కాబట్టి. పది సర్వర్లు, ఒక్కోదానికి నాలుగు లన్‌లు, లన్‌కు 32 చొప్పున లెక్కేస్తే 1,280 ఆదేశాలు ఒకేసారి ఆ బాక్సు మీద పడొచ్చు. అందరూ 256 చేసుకుని, సెషన్ లిమిట్‌నూ దానికి తగ్గట్టు పెంచుకుంటే పదివేలు దాటుతుంది. బాక్సు తట్టుకోలేనప్పుడు "టాస్క్ సెట్ ఫుల్" అని తిప్పి పంపుతుంది. లైనక్స్ ఆ మాట వినగానే తనంతట తాను ఆ లన్ క్యూను తగ్గించుకుంటుంది, కొంతసేపు అంతా సాఫీగా ఉంటే మెల్లగా మళ్లీ పెంచుకుంటుంది. మీరు 256 పెట్టిన చోట రెండ్రోజుల తర్వాత చూస్తే ఏదో వింత సంఖ్య కనబడిందంటే ఎవరో మార్చారని అనుమానపడొద్దు, బాక్సు వద్దంది, కెర్నల్ విన్నది. ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషిన్లు నడిపే వీఎంవేర్‌లో కూడా ఒకే లన్ మీద ఒకటి కంటే ఎక్కువ మెషిన్లు నడుస్తుంటే అక్కడ వర్తించే డిఫాల్ట్ 32నే. ఒకడు మొత్తం మింగేయకుండా పెట్టిన కట్టడి అది.

నన్నడిగితే చిన్న ఆఫీసుల్లో లిమిట్‌ను పెంచడం కంటే తగ్గించడమే ఎక్కువసార్లు పనిచేస్తుంది. మిర్యాలగూడ వైపే ఒక మిల్లు ఆఫీసు. నాలుగు హార్డ్ డిస్కుల బాక్సు, దాని మీద రెండు లన్‌లు: ఒకదానిలో కాంటా బిల్లుల డేటాబేస్, రెండోదానిలో మిగతా ఫైళ్లు. సీజన్‌లో మిల్లుకు రాత్రీ పగలూ తేడా ఉండదు, బ్యాకప్ ఎప్పుడు పెట్టినా కాంటా నడుస్తూనే ఉంటుంది. బ్యాకప్ మొదలైందంటే చాలు, కాంటా చీటీ ప్రింట్ కావడానికి సెకన్లు పట్టేది, లారీ డ్రైవర్లు కిటికీ దగ్గర కేకలు. క్యూ పెంచమని ఎవరో సలహా ఇచ్చారు, అదే చేసుంటే ఇంకా ఘోరంగా ఉండేది. లెక్క చూడండి: రెండో లన్ మీద బ్యాకప్ తన 32నూ ఎప్పుడూ నింపే ఉంచుతుంది, డిస్కులు మాత్రం రెండు లన్‌లకూ అవే. చీటీకి కావలసిన చిన్న రీడ్ ఆ 32 వెనకాల నిలబడుతుంది, పదో వంతు సెకను. ఒక చీటీకి సాఫ్ట్‌వేర్ ఒకదాని తర్వాత ఒకటిగా ముప్పై రీడ్‌లు చేస్తే మూడు సెకన్లు పోయినట్టే. బ్యాకప్ లన్ క్యూను 8కి దించితే చీటీ ముందు ఉండేది ఎనిమిదే, ఒక్కో రీడ్‌కు 28 మిల్లీసెకన్లు, ముప్పైకీ కలిపి సెకను లోపే. దించాం, కేకలు ఆగాయి. బ్యాకప్ కాస్త ఆలస్యంగా ముగుస్తోంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక మెలిక. కాన్ఫిగ్‌లో ఉండే క్యూ డెప్త్ ఆ టార్గెట్ కింద ఉన్న అన్ని లన్‌లకూ వర్తిస్తుంది. ఒక్క లన్‌కే మార్చాలంటే సిస్ ఫోల్డర్ కింద బ్లాక్, అందులో ఆ డిస్కు పేరు, దాని డివైస్ ఫోల్డర్‌లో ఉండే క్యూ డెప్త్ ఫైల్‌లో సంఖ్య రాయాలి. లాగౌట్ అక్కర్లేదు, రాసిన క్షణం నుంచే అమలవుతుంది. రీబూట్ అయితే పోతుంది, మళ్లీ లాగిన్ అయినా పోతుంది, కాబట్టి శాశ్వతంగా ఉండాలంటే డిస్కు కనబడినప్పుడల్లా దానంతటదే ఆ సంఖ్య రాసే యూడెవ్ రూల్ ఒకటి రాసుకోవాలి. ప్రయోగాలకు మాత్రం ఇదే సుఖం, నచ్చకపోతే పాత సంఖ్య తిరిగి రాసేయొచ్చు.

పెద్ద బ్లాకులతో ఇంకో ప్రమాదం ఉంది. పెళ్లి వీడియోల ఎడిటింగ్ స్టూడియోల్లాంటి చోట ఒక్కో ఆదేశం 1 ఎంబీ దాకా ఉండొచ్చు. 1 గిగాబిట్ కేబుల్ మీద అలాంటివి 32 పెండింగ్‌లో ఉంటే చివరిదానికి దాదాపు 0.28 సెకను, 128 అయితే 1.1 సెకను. ఒక్క మెషిన్‌తో ఇది. మూడు నాలుగు మెషిన్లు ఒకేసారి కెమెరా కార్డులు కాపీ చేస్తూ, పైన రెయిడ్ రీబిల్డ్ (పాడైన డిస్కు బదులు పెట్టిన కొత్తదాన్ని నింపడం) కూడా నడుస్తుంటే సెకన్లు పేరుకుంటాయి. ఓపెన్ ఐస్కజీ 5 సెకన్లకొకసారి అవతలి బాక్సును "ఉన్నావా" అని పలకరిస్తుంది, ఇంకో 5 సెకన్లలో పలుకు రాకపోతే కనెక్షన్ తెగిందని తేల్చేస్తుంది. లాగ్‌లో పింగ్ టైమౌట్ 5 సెకన్లు దాటిందన్న లైన్ కనబడితే కేబుల్ మార్చడానికి పరుగెత్తేముందు ఆ సమయంలో క్యూ ఎంత ఉందో చూడండి. లోడ్ లేనప్పుడు ఒక్కసారి కూడా రాకుండా, భారీ కాపీలప్పుడే వస్తోందంటే దోషం కేబుల్‌ది కాకపోవచ్చు. స్కజీ ఆదేశానికి డిఫాల్ట్ గడువు 30 సెకన్లు, అది దాటితే అబార్ట్‌లూ రీసెట్‌లూ మొదలై ఉన్న క్యూ మొత్తం కలగాపులగం అవుతుంది.

క్యూ ఎంత ఉందో చూడటానికి ఐఓస్టాట్ కమాండ్ చాలు, ఎక్స్ ఆప్షన్‌తో ప్రతి సెకనూ. అందులో సగటు క్యూ సైజు, రీడ్ అవేయిట్, రైట్ అవేయిట్ ఈ మూడే చూడండి, అవేయిట్ అంటే ఒక్కో ఆదేశానికి పట్టిన సగటు సమయం. శాతంలో కనబడే యుటిలైజేషన్‌ను నమ్మొద్దు, కనీసం ఒక్క ఆదేశమైనా పెండింగ్‌లో ఉన్న సమయాన్ని అది లెక్కేస్తుంది, నాలుగు డిస్కుల బాక్సులో ఒక్క డిస్కు పనిలో ఉన్నా 100 చూపించగలదు. సగటు క్యూ సైజు లిమిట్‌కు దూరంగా, 5 దగ్గరో 10 దగ్గరో ఉంటే లిమిట్‌తో మీకు పనే లేదు, కథ అక్కడితో ఆపేయొచ్చు. లిమిట్‌ను ఆనుకుని ఉంటే అప్పుడు పరీక్ష చేయాలి. డిస్కు వేగం కొలిచే ఎఫ్ఐఓ టూల్‌లో డైరెక్ట్ ఆప్షన్ ఆన్ చేసి, లిబ్ఏఐఓ ఇంజిన్‌తో ఐఓ డెప్త్‌ను 1, 2, 4, 8 అలా రెట్టింపు చేస్తూ పోండి. డైరెక్ట్ పెట్టకపోతే మీరు కొలిచేది సర్వర్ ర్యామ్‌ను, బయటికొచ్చే సంఖ్యలు చూసి మురిసిపోవడమే. కొంతదాకా రెట్టింపు చేసినప్పుడల్లా వేగమూ పెరుగుతుంది, అవేయిట్ పెద్దగా కదలదు. ఒక మెట్టు దగ్గర వేగం పెరగడం ఆగిపోయి అవేయిట్ రెట్టింపు అవుతుంది. దానికి ముందు మెట్టే మీ సంఖ్య. పరీక్షకు నిజమైన డేటా ఉన్న డిస్కు మీద రైట్ టెస్ట్ పెట్టొద్దు, ఖాళీ లన్ తీసుకోండి.

ఐస్కజీ కాకుండా ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు, ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) వాడేవాళ్లకు ఇవే గేట్లు వేరే పేర్లతో ఉంటాయి. సర్వర్ వైపు క్లయింట్లు అడిగింది చేసిపెట్టే ఎన్ఎఫ్ఎస్‌డీ థ్రెడ్లు చాలాకాలం డిఫాల్ట్‌గా 8 ఉండేవి, కొత్త వెర్షన్లలో 16 చేశారు. పది పదిహేను మంది వాడే సర్వర్‌లో 8 ఉంటే ఇది పెంచడం మాత్రం మొహమాటం లేకుండా చేయొచ్చు, అది కూడా డిస్కులు ఖాళీగా ఉండి క్లయింట్లు ఆగుతున్నప్పుడే. క్లయింట్ వైపు వెర్షన్ 3లో టీసీపీ స్లాట్ టేబుల్, అంటే జవాబు రాకుండా ఒకేసారి పెండింగ్‌లో ఉండగలిగేవాటి హద్దు, పాత కెర్నళ్లలో 16 దగ్గర బిగుసుకుని ఉండేది, తర్వాత అవసరాన్ని బట్టి 65,536 దాకా సాగేలా మార్చారు. దాంతో సమస్య తిరగబడింది, ఒక్క క్లయింటే సర్వర్‌ను ముంచేయగలదు, నెట్‌యాప్ లాంటి స్టోరేజ్ కంపెనీలవాళ్లు దాన్ని 128కి దించుకోమని చెప్పేది అందుకే. వెర్షన్ 4.1లో సెషన్‌కు స్లాట్లు డిఫాల్ట్‌గా 64. ఒక్క టీసీపీ కనెక్షనే ఇరుకైతే లైనక్స్ 5.3 నుంచి ఎన్‌కనెక్ట్ అనే మౌంట్ ఆప్షన్ ఉంది, 16 కనెక్షన్ల దాకా తెరుస్తుంది.

చివరగా ఒక పని. ఏ విలువ మార్చినా, పాతది ఎంత, ఎందుకు మార్చారు, ఏ తేదీన అన్నది ఆ కాన్ఫిగ్ ఫైల్‌లోనో యూడెవ్ రూల్‌లోనో కామెంట్‌గా ఒక లైన్ రాసి పెట్టండి. రేపు హార్డ్ డిస్కులు తీసేసి ఎస్ఎస్‌డీలు పెట్టినప్పుడు ఆ 8ని చూసి కొత్తగా వచ్చినవాడు జుట్టు పీక్కోకుండా ఉంటాడు.